రెండాకులు చాలు

మందారం మొక్కను డబ్బు పెట్టి కొనడం మన ఊళ్లలో ఈమధ్య వచ్చిన అలవాటు. పక్కింటి ప్రహరీ మీంచి వీధిలోకి వాలిన కొమ్మను చూసి, "పిన్నిగారూ, ఓ రెమ్మ ఇస్తారా? పెరట్లో పెట్టుకుంటాం" అని అడగడమే పద్ధతి. "దానికేం భాగ్యమమ్మా, రెండు తీసుకో" అంటుందావిడ. అక్కడిదాకా బాగానే ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ రెమ్మ పదిహేను రోజులు తిరక్కుండా ఎండిపోతుంది. "మా చేతికి ఏదీ బతకదండీ" అని ఒక మాట అనేసి ఊరుకుంటారు.

ఆ మాట మాన్పించడమే ఈ అధ్యాయం ఉద్దేశం. హస్తవాసి వైద్యుడికి ఉంటే ఉండొచ్చు. కొమ్మ బతకడం, చావడం మాత్రం నీటి లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే మిగతా పనంతా పదినిమిషాలది.

ముందు గింజ సంగతి తేల్చేద్దాం. మందారాన్ని గింజతో పెంచాలనుకుంటే ఆ గింజ దొరకడమే కష్టం. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. రెక్క మందారం కూడా మన పెరళ్లలో కాయ కాయడం అరుదు. రంగురంగుల హైబ్రిడ్ రకాల్లో ఓపిగ్గా పుప్పొడి అద్ది గింజ కట్టించినా, వచ్చే మొక్క తల్లిలాగే పూస్తుందన్న నమ్మకం లేదు. 1753లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టేనాటికే ఇది తోటల్లోని మొక్క. మనుషులు పెంచిన చోట్ల తప్ప అడవిలో దానంతటది పెరిగే మందారంగా దీన్ని ఎవరూ ఎరగరు. అంటే మీ వీధిలో పూస్తున్న నాటు ఎర్ర మందారం ఎన్నో తరాలుగా కొమ్మ నుంచి కొమ్మగా చేతులు మారుతూ వచ్చిందే. ఆ చేతుల్లో ఎక్కువ భాగం ఏ చదువూ లేని చేతులే.

నీటి లెక్క

కొమ్మను కోసిన క్షణాన వేళ్ల నుంచి నీరు ఎక్కే దారి తెగిపోతుంది. ఆకులకు ఆ సంగతి పట్టదు. అవి ఎప్పటిలాగే తమ రంధ్రాల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. జీతం ఆగిపోయిన ఇంట్లో ఖర్చులు మునుపటిలాగే నడుస్తుంటే ఎన్నాళ్లు? కోసిన కొమ్మ పరిస్థితీ అంతే. కొత్త వేళ్లు వచ్చి నీటి సంపాదన మొదలయ్యేదాకా, అంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల దాకా, ఆకుల ఖర్చును అదుపులో పెట్టడమే మనం చేయాల్సిన పని.

అలాగైతే ఆకులన్నీ తీసేస్తే సరిపోతుందిగా అని అడగొచ్చు. ఆకు రాల్చే మొక్కలకు అది నడుస్తుంది. అంజూరను, దానిమ్మను బోడి పుల్లగా పాతినా చిగురిస్తాయి. ఆకు రాల్చే ముందే అవి తిండిని కాండంలో దాచుకుంటాయి. మందారం ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొద. ఏ రోజు తిండి ఆ రోజు ఆకులో వండుకోవడం దానికి అలవాటు, పుల్లలో నిల్వ తక్కువ. పైగా వేళ్లు పుట్టించే హార్మోను, ఆక్సిన్, తయారయ్యేది చిగుళ్లలో, లేత ఆకుల్లో. అది పైనుంచి కిందికి దిగి కోసిన చోట పేరుకుంటుంది. కొమ్మను తలకిందులుగా పాతితే వేళ్లు సరిగా రాకపోవడానికి కారణం ఇదే. ఈ ఆక్సిన్‌ను 1928లో ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ శాస్త్రవేత్త ఓట్స్ మొలకల కొసల నుంచి రాబట్టి చూపించాడు. 1935లో అమెరికాలోని బాయ్స్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే ఇద్దరు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం కొమ్మలకు వేళ్లు తెప్పిస్తుందని తేల్చారు. ఇవాళ విత్తనాల దుకాణంలో చిన్న డబ్బాలో అమ్మే వేళ్ల పొడిలో ఉండేది చాలావరకు అదే మందు.

కాబట్టి ఆకు ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. కొమ్మకు పైన రెండాకులు చాలు. అవి అరచేయంత పెద్దవైతే ఒక్కోదాన్ని అడ్డంగా సగానికి కత్తిరించండి. చూడ్డానికి బాగుండదు, బతకడానికి బాగుంటుంది. మొగ్గలుంటే మొహమాటం లేకుండా తుంచేయండి. చాలామంది మొగ్గలున్న కొమ్మనే ఏరి తెచ్చుకుంటారు, త్వరగా పూస్తుందని. ఉన్న కాస్త శక్తినీ ఆ మొగ్గ తాగేస్తుంది.

కోసేటప్పుడు

కాలం చూసుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతుంటే కొమ్మ ఏం బతుకుతుంది? మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక, అంటే జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా మంచి అదను. గాల్లోనే తడి ఉంటుంది కనుక ఆకుల ఖర్చు సగం దానంతటదే తగ్గుతుంది. నెల్లూరు, చిత్తూరు వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కనుక అక్కడివాళ్లు అప్పుడు పెట్టుకోవచ్చు. ఫిబ్రవరి చివర కూడా పరవాలేదు. ఆదిలాబాద్ చలిలో డిసెంబరులో పెట్టిన కొమ్మ చావదు గానీ ఉలకదు, పలకదు.

ఇక కొమ్మ ఎంపిక. మందారం కొమ్మను కొస నుంచి కిందికి వేళ్లతో తడుముతూ రండి. కొస దగ్గర ఆకుపచ్చగా, మెత్తగా, వంచితే వాలిపోయేట్టు ఉంటుంది. ఆ లేత భాగం మట్టిలో కుళ్లిపోతుంది. మొదలు దగ్గర బూడిదరంగు తొక్కతో, గట్టిగా ఉంటుంది. అది వేళ్లు వేయడానికి చాలా కాలం తీసుకుంటుంది. ఈ రెంటి మధ్య, పచ్చదనం పోయి గోధుమరంగు ఛాయ మొదలయ్యే చోట, పెన్సిల్ లావున, వంచితే వంగి మళ్లీ నిలబడే భాగం ఒకటి తగులుతుంది. మనకు కావలసింది అదే. ఆకు పుట్టే చోట కాస్త ఉబ్బి ఉండేది కణుపు. కింది కోత ఆ కణుపుకు పావు అంగుళం దిగువన, ఏటవాలుగా పడాలి. పైకోత ఇంకో కణుపుకు అర అంగుళం పైన, అడ్డంగా. ఇలా చేస్తే పొరపాటున తలకిందులుగా పాతే ప్రమాదమూ ఉండదు. మొత్తం పొడవు ఐదారు అంగుళాలు, మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు. మూరెడు కొమ్మ పెడితే మూరెడు మొక్క వస్తుందనుకోవడం ఆశ మాత్రమే.

చేత్తో విరవకండి. మందారం తొక్క నారలా ఉంటుంది, విరిస్తే చీలికలుగా లేస్తుంది, ఆ చీలికల్లోంచే కుళ్లు మొదలవుతుంది. మనీప్లాంట్ దొంగిలించి తెస్తేనే బాగా పెరుగుతుందని ఒక మాట ఉంది కదా. ఆ తీగ దేన్నయినా తట్టుకుంటుంది కాబట్టి ఆ మాట దానికి చెల్లింది. మందారాన్ని చీకట్లో గబగబా లాక్కొస్తే బతకదు, అడిగి, పదునైన కత్తెరతో కోసుకోండి. కత్తెరను ముందు స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడవండి. కోసేది పొద్దున్నే అయితే కొమ్మ నిండుగా నీరు తాగి ఉంటుంది. తెచ్చేదాకా తడిబట్టలో చుట్టి ఉంచండి.

ఇంకో చూపు తల్లిమొక్క మీద వేయాలి. కొమ్మ మొదట్లో, మొగ్గల సందుల్లో తెల్లగా దూది అంటుకున్నట్టు కనబడితే అది పిండినల్లి. ఆ మొక్క నుంచి కొమ్మ తీసుకోవద్దు. కొమ్మతో పాటు అదీ మీ ఇంటికొస్తుంది, వచ్చి మీ వంకాయనూ వదలదు.

కుండీలో

కొమ్మ పెట్టే మట్టికి బలం అక్కర్లేదు, నీరు నిలవకుండా ఉంటే చాలు. శుభ్రంగా కడిగిన ఏటి ఇసుక సగం, తడిపి పిండిన కొబ్బరి పొట్టు సగం కలపండి. కొబ్బరి పొట్టును రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పారబోస్తే అందులోని ఉప్పు పోతుంది. ఇప్పుడు అన్నిచోట్లా దొరికే రోబో ఇసుకలో సన్నటి పొడి ఎక్కువ. జల్లించి, కడిగి వాడకపోతే సిమెంటులా బిగుసుకుంటుంది. సముద్రపు ఇసుక వద్దు. ఎరువు అసలే వద్దు. తాగే వేరే లేనప్పుడు ఎరువు ఎవరికి? అందులోని లవణాలు కోసిన గాయాన్ని మాడుస్తాయి.

కింద చిల్లులు పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసు మంచిది. వేళ్లు వచ్చాయో లేదో గోడలోంచి కనబడతాయి కనుక మీరు కొమ్మ పీకి చూడరు. కొమ్మను గ్లాసులో నింపిన మట్టిలోకి నేరుగా గుచ్చవద్దు. పుల్లతో ముందు గుంట చేయండి. వేళ్ల పొడి ఉంటే కోసిన కొసను తడిపి, పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపేయండి. పొడి ఎక్కువైతే మేలు జరగదు సరికదా, కొస నల్లబడుతుంది. తేనె, దాల్చినచెక్క, కలబంద గుజ్జు వాడమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటితో పెద్ద హాని లేదు, హార్మోను చేసే పని మాత్రం అవి చేయవు. నాటు ఎర్ర మందారానికైతే ఏదీ లేకపోయినా వేళ్లు వస్తాయి. రెండు కణుపులు లోపలికి పోయేలా పెట్టి, చుట్టూ వేలితో నొక్కి, ఒక్కసారి బాగా తడపండి.

ఇక్కడి నుంచే చాలామంది దారి తప్పేది. ఆకు వాడినట్టుంటే చెంబెడు నీళ్లు పోస్తారు. సాయంత్రం మళ్లీ పోస్తారు. వేళ్లు లేని కొమ్మ ఆ నీటిని పెద్దగా పీల్చుకోలేదు. ఇసుక సందుల్లోని గాలి పోయి, కోసిన చోట ఊపిరాడక కుళ్లుతుంది. ఆకు అడుగుతున్న తడి మట్టిలో కాక గాల్లో ఉండాలి. నర్సరీల్లో సన్నటి మంచులా నీళ్లు చిమ్మే గదుల్లో కొమ్మలు పెంచేది ఇందుకే. ఇంట్లో మనకు ఆ గది పని రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చేసిపెడుతుంది. అడుగు కోసేసి కొమ్మ మీద బోర్లించండి. లోపలి గోడకు చిన్న చిన్న చుక్కలు పట్టి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. చుక్కలు లేకపోతే కాస్త నీళ్లు చిలకరించండి. ధారలు కారుతుంటే మూత తీసి ఓ గంట ఆరనివ్వండి. రోజూ ఓ పావుగంట మూత తీస్తే బూజు పట్టదు.

దీన్ని ఎండలో పెట్టారా, సీసాలో కొమ్మ ఉడికిపోతుంది. తూర్పు వైపు వరండా గానీ, చెట్టు నీడ గానీ చూడండి. పుస్తకం చదువుకోవడానికి సరిపడా వెలుతురు ఉండాలి, సూటిగా ఎండ తగలకూడదు.

సీసాలో నీళ్లు పోసి అందులో కొమ్మ వేస్తే రాదా అంటే, వస్తుంది కూడా. మందారం తొక్కలో జిగురు ఎక్కువ కనుక రెండు రోజులకోసారి నీళ్లు మార్చకపోతే అవి జారుడుగా, వాసనగా తయారవుతాయి. పైగా నీటిలో పుట్టిన వేళ్లు పెళుసు. మట్టిలోకి మార్చినప్పుడు అవి విరుగుతాయి, విరగనివి కూడా కొత్త చోటికి అలవాటు పడక బెంగటిల్లుతాయి. పిల్లలకు వేళ్లు పుట్టడం చూపించాలంటే ఈ పద్ధతి సరదాగా ఉంటుంది, మొక్క కావాలంటే ఇసుకే మేలు.

ముట్టుకోని నెల

మొదటి పదిరోజుల్లో ఉంచిన రెండాకుల్లో ఒకటి పసుపుపచ్చగా మారి రాలొచ్చు. కంగారు పడొద్దు. ఎలా రాలిందో చూడండి. వేలితో తాకగానే తొడిమతో సహా శుభ్రంగా ఊడి, ఆ చోట చిన్న పచ్చటి మచ్చ మిగిలితే కొమ్మ బతికే ఉంది. ఆకును వదిలించుకోవడం కూడా బతికి ఉన్న కణాలు చేసే పనే. ఆకు గోధుమరంగుకు తిరిగి, ఎండి, లాగినా ఊడకుండా కొమ్మనే పట్టుకుని వేలాడుతుంటే ఆ కొమ్మ పని అయిపోయింది. ఇంకా అనుమానముంటే గోటితో తొక్కను చీమంత గీకండి. లోపల పచ్చగా ఉంటే ఆశ ఉన్నట్టే.

చిగురు వచ్చిందని సంబరపడి మొక్కను కుండీలోకి మార్చడం ఇంకో తొందర. కొమ్మలో మిగిలిన నీటితో, తిండితో చిగురు ముందే రావచ్చు, వేరు తర్వాత ఎప్పుడో వస్తుంది. మొదట కోసిన చోట తెల్లగా, గరుకుగా ఓ కణితిలా కడుతుంది. అది మానుతున్న గాయం, వేరు అనుకోవద్దు. వేళ్లు తెల్లటి దారాల్లా గ్లాసు గోడకు తగులుతూ కనబడాలి. అవి అంగుళం, అంగుళంన్నర పొడవయ్యాక సీసా మూత తీసి ఉంచండి. నాలుగు రోజులకు సీసానే తీసేయండి. బయటి గాలికి అలవాటు పడిన ఇంకో వారానికి మార్చుకోవచ్చు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి ఎనిమిదంగుళాల కుండీలో పెట్టండి. మొదటి వారం నీడ, తర్వాత పొద్దుటి ఎండ, ఆ తర్వాత పూర్తి ఎండ. రోజుకు ఐదారు గంటలు ఎండ తగలని మందారం ఆకులే ఇస్తుంది, పూలివ్వదు. జానెడు పెరగగానే కొస తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. మందారం పూసేది కొత్త కొమ్మల మీదే కనుక ఎన్ని కొత్త కొమ్మలుంటే అన్ని పూలు.

గాలి అంటు

కొన్ని రకాలు కొమ్మకు లొంగవు. నర్సరీల్లో పూణే మందారం పేరుతో అమ్మే పెద్ద పూల హైబ్రిడ్లు చాలావరకు సొంత వేళ్ల మీద నీరసంగా పెరుగుతాయి. అందుకే వాటిని నాటు మందారం మీద అంటుకడతారు. కొన్నప్పుడు అంటు కట్టిన చోటు ఎక్కడుందో చూసుకోండి. దాని కిందినుంచి వచ్చే చిగుళ్లు నాటువి, ఎప్పటికప్పుడు తీసేయాలి.

అంటుకట్టడం చేతకాకపోయినా, గాలి అంటు ఎవరైనా వేయొచ్చు. నన్నడిగితే, ఒకే ఒక్క మంచి మొక్క ఉండి, దాని పిల్ల తప్పకుండా కావాలనుకునేవాళ్లకు కొమ్మ కన్నా ఇదే నమ్మకమైన దారి. చిటికెనవేలంత లావున్న కొమ్మకు, కొసకు అడుగు దిగువన, చుట్టూ అంగుళం వెడల్పున తొక్క ఉంగరంలా ఒలిచేయాలి. ఒలిచిన చోట మిగిలిన పలచటి జిగురు పొరను కత్తి వీపుతో గీకేయాలి. అది మిగిలితే తొక్క మళ్లీ అతుక్కుని శ్రమంతా వృథా. దాని మీద తడిపి పిండిన నాచు గానీ, కొబ్బరి పొట్టు గానీ పిడికెడు పెట్టి, పాలిథీన్ కాగితం చుట్టి, పైనా కిందా దారంతో బిగించి కట్టాలి. ఎండ తగిలే చోటైతే పైన ఇంకో వెండికాగితం చుట్టండి.

ఇది ఎందుకు తప్పదంటే, నీరు ఎక్కేది కాండం మధ్యలోని చెక్కలోంచి, ఆకులు వండిన తిండీ ఆక్సినూ దిగేది తొక్కలోంచి. తొక్క ఒలిచినా నీటి సరఫరా ఆగదు. పైనుంచి దిగిన సరుకు మాత్రం ఉంగరం దగ్గర ఆగి అక్కడే పేరుకుంటుంది. ఆకుల ఖర్చు గురించి బెంగ లేదు, సీసాలూ మూతలూ అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కాగితంలోంచి వేళ్లు కనబడ్డాక, కింది ముడికి దిగువన కోసి కుండీలో పెట్టడమే.

ఇదే పద్ధతులతో ఇంకా కొన్ని పచ్చటి పొదలు వస్తాయి. నందివర్ధనం, గన్నేరు కోస్తే పాలు కారతాయి. కాసేపు నీళ్లలో ఉంచి పాలు ఆగాక నాటండి. గన్నేరు పాలు విషం, చేతులు కడుక్కోండి, పిల్లలకూ పశువులకూ ఆ ముక్కలు అందనివ్వకండి. నూరువరహాలు నిదానస్తురాలు, దానికి వేళ్ల పొడి తప్పనిసరి అనుకోండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇంటికొచ్చి వెళ్లేటప్పుడు అమ్మ పెరటి మందారం రెమ్మను తడి కాగితంలో చుట్టి పెట్టెలో దాచుకుపోవడం చాలామంది చేసే పనే. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే మొక్క భాగాలను అమెరికాలోకి రానివ్వరు, ఆస్ట్రేలియాలో నిబంధనలు ఇంకా కఠినం. పట్టుబడితే కొమ్మ పోవడంతో పాటు జరిమానా కూడా పడొచ్చు. పిండినల్లి లాంటివి కొత్త దేశానికి చేరితే అక్కడి రైతుకు నష్టం కనుక ఆ నిబంధనను తప్పు పట్టలేం. అక్కడి మొక్కల దుకాణాల్లో వేసవిలో ఉష్ణమండల మందారం పేరుతో దొరికేది ఇదే జాతి. ఒక్కటి కొని, పై పద్ధతిలో నాలుగు చేసుకోండి. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్‌కు దిగేలోపు కుండీని ఇంట్లోకి తెచ్చుకోవాలి, అంతే.

చివరగా అంకెల మాట. ఒక్క కొమ్మ పెట్టి దాని మీదే ప్రాణాలు పెట్టుకోవద్దు. కడియం నర్సరీల్లో రోజూ ఇదే పని చేసేవాళ్ల చేతిలో కూడా అన్ని కొమ్మలూ బతకవు. ఈ తొలకరికి ఒకే మొక్క నుంచి ఐదారు కొమ్మలు కోసి, ఒక్కోటి ఒక్కో గ్లాసులో పెట్టి, గ్లాసు మీద తేదీ రాయండి. ఆరువారాలు తిరిగేసరికి వాటిలో మూడింటికి వేళ్లు వస్తే మీ పని బాగా సాగినట్టే. మిగిలిన మొక్కలకు మీ పెరట్లో చోటు లేకపోతే, వీధిలో అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.